పురుగుమందు కొట్టాక కోత ఎప్పుడు?

చిరంజీవి మహేశ్‌కు నాన్న ఆశీస్సులు.

దేవరకొండ దగ్గర కౌలుకు పట్టిన చెలకలో వంగ, బెండ బాగా కాస్తున్నాయని, అయితే సాయంత్రం మందు కొట్టించి మరునాడు తెల్లవారకముందే కాయ తెంపి మార్కెట్‌కు పంపుతున్నావని అమ్మ చెప్పింది. ఆ రెండో సంగతి గురించే ఈ ఉత్తరం.

పురుగుమందు డబ్బాతో వచ్చే కాగితంలో ఏ పంటకు ఎంత మోతాదో రాసినట్టే, చివరిసారి కొట్టాక ఎన్నాళ్లు ఆగి కోయాలో కూడా రాసి ఉంటుంది. అక్షరాలు సన్నగా ఉంటాయి కనుక దుకాణదారు చెప్పడు, మనం చదవం. కడిగితే పోతుంది కదా అంటావేమో! పైన అంటిన మందులో కొంత పోతుంది గాని, మోనోక్రోటోఫాస్ వంటివి మొక్క రసంలో కలిసి కాయ లోపలికి చేరుతాయి, వాటిని ఏ నీళ్లూ కడగలేవు. ఆ మందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించినా, పత్తికి తెచ్చిన డబ్బాలో మిగిలింది వంగతోటకు పోవడం మన వైపు ఎరుగనిది కాదు. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లల ప్రాణాలు తీసింది ఈ మందే. అక్కడ అది వంటనూనెలో చేరింది. కాయలో అంత ఉండదు, అనవసరంగా భయపెట్టడం నాకిష్టం లేదు. కానీ ఈ జాతి మందులు నరాల పనిని అదుపులో ఉంచే ఎంజైమును కట్టేస్తాయి, ఆ ఎంజైము పురుగుకూ పక్షికీ మనిషికీ కూడా ఉంది. పైగా పిల్లలు తమ ఒంటి బరువును బట్టి చూస్తే మనకంటే ఎక్కువ తింటారు, వాళ్ల మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది.

నీ చేను పక్కనే బత్తాయి తోట ఉందన్నావు. పూత మీద తేనెటీగలు వాలే పొద్దుటిపూట ఎప్పుడైనా కొట్టించావంటే, గాలివాటున నీ మందు అటు కొట్టుకుపోయి అవి చస్తాయి, కాపు తగ్గిందని బాధపడేది ఆ రైతు. ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు పూదేనెలోకి, పుప్పొడిలోకి కూడా చేరుతాయి. ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పంటలకు దాని వాడకాన్ని ఆపించింది తేనెటీగల కోసమే. పంటకు పట్టే పేనుబంకను తినిపెట్టే అక్షింతల పురుగులూ ఇదే దెబ్బకు పోతాయి, తర్వాత పేనుబంక రెట్టింపై వస్తుంది, నువ్వు మళ్లీ డబ్బా కొంటావు. కోత అయిపోయిన చేనులో గొర్రెలను మేపుకొమ్మని గొల్లవాళ్లకు చెప్పేముందు కూడా చివరిసారి ఎప్పుడు కొట్టావో చూసుకో.

వంగ, బెండ కొద్ది రోజులకోసారి తెంపాల్సిన పంటలు, కోతకు ఆగాల్సిన గడువు పదిరోజులున్న మందు వాటికి ఎలా కుదురుతుందో నువ్వే ఆలోచించు. కాపు మీద ఉన్నప్పుడు వేపనూనె, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు వాడు; పురుగు తొలిచి వాలిపోయిన కొమ్మలను తుంచి కాల్చెయ్యి. తప్పదనుకుంటే, కాయంతా తెంపిన సాయంత్రమే కొట్టించి, గడువు లోపల ఎదిగిన కాయను తెంపి గుంటలో పూడ్చు. ఆ నష్టం ఎంతో లెక్కవేసి చెప్పు, ఈ కౌలులో నేను సర్దుతాను. ఇప్పుడు వాడుతున్న డబ్బాల కాగితాలన్నీ ఫొటో తీసి ఈ రాత్రికే పంపించు.

మీ నాన్న