కృష్ణ ఒడ్డు రాయిని వాషింగ్టన్‌లో చూశా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? ఇది ఫోన్‌లో చెబితే సగంలోనే కట్ అవుతుంది, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు. పోయిన శనివారం వాషింగ్టన్ వెళ్లి స్మిత్సోనియన్ మ్యూజియంలో హోప్ డైమండ్ అనే నీలి వజ్రాన్ని చూశాను. గాజు పెట్టెలో మెల్లగా తిరుగుతూ ఉంటుంది, చుట్టూ ఒకటే జనం. 45.52 క్యారెట్లంటే తొమ్మిది గ్రాములు, నేరేడు పండంత ఉంటుందేమో. నేననుకున్న ఆకాశనీలం కాదురా, కాస్త బూడిద కలిసిన ముదురు నీలం. తిరుగుతుంటే ఒక మూల నల్లబడిపోతుంది, అంతలోనే అక్కడే నీలం భగ్గుమంటుంది. అరగంట అక్కడే నిలబడిపోయాను.

పక్కనే ఒకావిడ పిల్లాడికి ఆ వజ్రం శాపం కథ చెబుతోంది, నాకు ఒళ్లు మండింది. అది నగల వ్యాపారులూ పేపర్లవాళ్లూ పెంచి పోషించిన కథ. అసలు వింత ఆ రాయి లోపలే ఉంది. వజ్రమంటే ఉత్త కార్బనే కదా, లక్షల కార్బన్ పరమాణువుల మధ్య ఎక్కడో ఒకచోట బోరాన్ అనే మూలకం దూరింది. అది ఎరుపు కాంతిని మింగేస్తుంది, మన కంటికి నీలం మిగులుతుంది. అంతేరా, చిటికెడు కూడా లేని బోరాన్ చేసిన పని! మామూలు వజ్రంలో కరెంటు పారదు, ఇందులో పారుతుంది. ఇంకోటి విను, దీనిమీద అల్ట్రావయొలెట్ లైటు వేసి ఆర్పేస్తే చీకట్లో కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. నీలం రాయి, ఎర్ర వెలుగు! ఫోటో చూశాను, నమ్మబుద్ధి కాలేదు.

బోరాన్ ఎక్కువగా భూమి పైపొరలోనూ సముద్రపు నీళ్లలోనూ ఉంటుంది. మరి అంత లోతున పుట్టే వజ్రంలోకి ఎలా వెళ్లింది? 2018లో శాస్త్రవేత్తలు ఇలాంటి నీలి వజ్రాల్లో ఇరుక్కున్న నలకల్ని పరీక్షించి, ఇవి 660 కిలోమీటర్ల లోతున, ఇంకా కింద కూడా పుట్టి ఉంటాయన్నారు. సముద్రం అడుగు రాయి కిందికి కుంగుతూ బోరాన్‌ని మోసుకెళ్లి ఉంటుందట.

అంత లోతు నుంచి పైకొచ్చి అది దొరికిందెక్కడా, కృష్ణ ఒడ్డున మన కొల్లూరు గనిలో! చాలామంది పరిశోధకుల మాట అదే. గోల్కొండ నవాబుల కాలంలో ఆ గనిలో అరవై వేల మంది పనిచేసేవారని టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి రాశాడు, మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవారట. అతనే ఈ నీలి వజ్రాన్ని, అప్పుడది 112 క్యారెట్లు, 1668లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మాడు. రాజు 1673లో దాన్ని 67 క్యారెట్లకు చెక్కించాడు, 1792లో దొంగలెత్తుకుపోయారు, తర్వాత ఇంకా చిన్నదై లండన్‌లో తేలింది. చివరికి 1958లో హారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి మ్యూజియానికి ఇచ్చేస్తూ, బ్రౌన్ పేపర్లో చుట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు.

ఇక్కడ జనం దానికోసం క్యూ కడుతుంటే, కొల్లూరు గని పులిచింతల నీళ్ల కింద ఉంది. అది తలుచుకుంటే గుండె బరువెక్కిందిరా. ఎండాకాలంలో వస్తాను, నీళ్లు తగ్గి ఉంటే బెల్లంకొండ మీదుగా వెళ్లి ఆ చోటు చూసొద్దాం. బండి నువ్వే తియ్యాలి. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజా