గాజు తలుపు అవతల చూపుడువేలు

ఊరు చూడ్డానికి వచ్చిన స్నేహితులను ఆ మధ్య ఒక శనివారం గ్రీనిచ్ తీసుకెళ్లాను. లండన్‌లో ఎవరొచ్చినా నేను ముందు చూపించేది అదే. 1869 నాటి కట్టీ సార్క్ ఓడ చూశాం, గుట్టెక్కి సున్నా రేఖాంశానికి అటో కాలు ఇటో కాలు వేసి ఫొటోలు దిగాం.

తిరుగు ప్రయాణంలో వాళ్ల ఆరేళ్ల బాబు గబుక్కున రైలెక్కేశాడు. మేం అందుకునేలోపే తలుపులు మూసుకున్నాయి. డీఎల్‌ఆర్ అనే ఈ ఆటోమేటిక్ లోకల్ రైళ్లకు డ్రైవరు కేబినే ఉండదు, ఎవరికి చెయ్యి ఊపాలి? వాళ్లమ్మ గాజు తలుపును అరచేతుల్తో కొడుతోంది.

లోపల ఒక పెద్దావిడ లేచి, వాడి భుజం చుట్టూ చెయ్యి వేసింది. మమ్మల్ని చూస్తూ చూపుడువేలు ఎత్తి ముందుకు చూపించింది. వచ్చే స్టేషన్లో దిగుతాను అని. రైలు కదిలిపోయింది.

తర్వాతి రైల్లో ఆ వచ్చే స్టేషన్, ఐలాండ్ గార్డెన్స్ చేరాం. ఆ కొద్ది నిమిషాల టెన్షన్ మాటల్లో చెప్పలేను. ప్లాట్‌ఫాం మీద ఆవిడ, మోకాళ్లు పట్టుకుని వాడి ఎత్తుకు వంగి ఉంది. వాడి చొక్కా మీద తన ఉన్ని స్కార్ఫ్. వాడికి ఇంగ్లీషు రాదు. వాడు ఏడుస్తూ అన్న ఒక్క మాట పట్టుకుని, "అమ్మ, అమ్మ" అంటూ మా రైలు వైపు చూపిస్తోంది.

మేం ఏడుపు ఆపుకుని థ్యాంక్స్ చెప్పేలోపే ఇంకో రైలొస్తే ఎక్కేసింది. పేరైనా అడగలేదు. స్కార్ఫ్ మా దగ్గరే ఉండిపోయిందండీ. ఉతికి, మడతపెట్టి, ప్రతి శనివారం అటు వెళ్లేటప్పుడు బ్యాగులో పెట్టుకుంటున్నాను.