మామా, ఆ గంటలు పోలేదు (ఇప్పటికైతే)

ఒరేయ్ మామా,

నీకు దసరాకే జవాబు రాయాల్సింది, సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, కోప్పడకు. ఇంట్లో అందరం బాగున్నాం. చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి, అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, ఇక్కడ ఒహాయోలో మంచు ఇంకా కరగలేదు. మీ చెల్లెలి పెళ్లి ఫోటోలు అన్నీ చూశాం, ముఖ్యంగా నువ్వు కావిడి మోస్తున్నట్టు అరటి గెల ఎత్తుకున్న ఫోటో... సరే, దాని సంగతి తర్వాత. ముందు ఆఫీసులో నా సర్వే గంటలు ఎలా పోబోయాయో నీకు చెప్పేయాలి, లేకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నా ఉద్యోగం ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదా. మేం రోడ్లు వెయ్యం. ఇక్కడ 50,000 జనాభా దాటిన పట్టణ ప్రాంతానికి ఎంపీఓ (మెట్రోపాలిటన్ ప్లానింగ్ ఆర్గనైజేషన్) అని ఒక రవాణా ప్లానింగ్ సంస్థ ఉండి తీరాలి. ఇలా అందరూ కలిసి ప్లాన్ చేయాలన్న పద్ధతి 1962 చట్టంతో మొదలైంది. చుట్టుపక్కల ఊళ్లు, కౌంటీలు, బస్సు సంస్థ, రాష్ట్ర రవాణా శాఖ, అందరూ కలిసి కూర్చుని ఏ పనికి ముందు డబ్బు పెట్టాలో తేల్చుకోవాలి. ఆ సంస్థలో ఉద్యోగులం ఏడాది పొడుగునా ఏ పని చేస్తాం, ఒక్కో పనికి డబ్బెంత, ఎవరెన్ని గంటలు పెడతారు అని ముందే రాసి ఆమోదం తీసుకుంటాం. దాన్ని వర్క్ ప్రోగ్రామ్ అంటాం. డబ్బులో మామూలుగా 80 శాతం ఫెడరల్ (అంటే ఇక్కడి కేంద్ర ప్రభుత్వానిది), 20 శాతం స్థానిక వాటా. ముందు మేం ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెడితే ఆ డబ్బు తిరిగొస్తుంది. టైమ్‌షీట్‌లో ప్రతి గంటా ఏదో ఒక టాస్క్ నంబర్ కింద పడాలి, అది కూడా నిజంగా ఆ పని చేసిన గంటే అయ్యుండాలి. బడ్జెట్లో రాశాం కదా అని అంతా ఆ లెక్కనే వేసేస్తే ఆడిట్‌లో ఒప్పుకోరు.

ఇప్పుడు అసలు సంగతి. నా చేతిలో ఒక టాస్క్ ఉంది, బస్సు స్టాపుకి జనం నడిచి ఎలా చేరుతున్నారో చూసే సర్వే. ఒక్కో స్టాపు దగ్గరికీ వెళ్లి ఫుట్‌పాత్ ఉందా, మధ్యలో తెగిపోయిందా, వీల్‌చైర్ ఎక్కే ర్యాంప్ ఉందా, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ రాసుకోవాలి. హన్మకొండ చౌరస్తాలో మనం వెహికల్ కౌంట్ చేసినట్టే, కాకపోతే ఇక్కడ గొర్రెల కాలమ్ అక్కర్లేదు! పోయిన వేసవిలో ఒకచోట చూశాన్రా, ఒక పెద్దావిడ చేతికర్ర పట్టుకుని, ఫుట్‌పాత్ లేక, వాలుగా ఉన్న గడ్డిలో నిలబడి బస్సు కోసం ఎదురుచూస్తోంది, పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. ఈ టాస్క్ రాయించింది ఆవిడే అనుకో.

మా ఆర్థిక సంవత్సరం జూలైలో మొదలవుతుంది. మంచులో సర్వే చేయలేం కాబట్టి గంటలన్నీ ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకున్నాను. ఇంతలో అక్టోబర్లో మా మోడలింగ్ చూసే పెద్దాయన ఉద్యోగం మానేసి కన్సల్టెన్సీకి వెళ్లిపోయాడు. ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ వాహనంలో, ఏ దారిలో పోతారో లెక్కగట్టే ట్రావెల్ మోడల్ అంతా ఆయన చేతిలో ఉండేది. అది లేకుండా మా ప్రాంతపు దీర్ఘకాలిక రవాణా ప్లాన్ ముందుకు కదలదు. జనవరిలో అకౌంట్స్ ఆవిడ (మన మెస్‌లో పెరుగు కప్పులు లెక్కపెట్టే ఆయన గుర్తున్నాడుగా, అచ్చం ఆయనే) ఆరు నెలల ఖర్చు పట్టిక పెట్టింది. నా టాస్క్ ఎదురుగా దాదాపు సున్నా. ఇంకేముంది, 'ఇది వాడటం లేదు, మోడల్ కన్సల్టెంట్‌కి మార్చేద్దాం' అని వర్క్ ప్రోగ్రామ్‌కి డ్రాఫ్ట్ సవరణ తయారైపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది మామా. ఖర్చు కాలేదంటే అవసరం లేదని అర్థమా? మంచు కింద ఉన్న ఫుట్‌పాత్‌ని డిసెంబర్లో ఎలా కొలుస్తాం? అలాగని అకౌంట్స్ ఆవిడ భయం కూడా ఉత్తది కాదు, అది ఒప్పుకోవాలి. ఆ దీర్ఘకాలిక ప్లాన్‌ని ఐదేళ్లకోసారి, గాలి నాణ్యత సమస్య ఉన్నచోట నాలుగేళ్లకే, తిరగరాయాలి. గడువు దాటిపోతే కొత్త ప్రాజెక్టులకు ఫెడరల్ ఆమోదాలు ఆగిపోతాయి. అప్పుడు ఫుట్‌పాత్‌లూ ఉండవు, వంతెనలూ ఉండవు. అందుకే గట్టిగా అరవలేకపోయాను.

ఆ వారమంతా రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక పాత పత్రాలు తిరగేశాను. దొరికింది! 2021లో వచ్చిన మౌలిక వసతుల చట్టం ప్రకారం మాకొచ్చే ప్లానింగ్ నిధుల్లో కనీసం 2.5 శాతం అన్ని వయసుల వాళ్లూ, నడవలేని వాళ్లు కూడా, సురక్షితంగా తిరగడానికి సంబంధించిన ప్లానింగ్‌కే వాడాలి. దానికి స్థానిక వాటా కూడా అడగరు. నా టాస్క్‌లో సగానికి పైగా డబ్బు ఆ పద్దులోదే. దాన్ని మోడల్‌కి ఎలా మారుస్తారు?

సాంకేతిక కమిటీలో ఒక్క పేజీ పట్టుకుని నిలబడ్డాను. నెలవారీ గంటలు, ఏ వారం ఏ ప్రాంతంలో సర్వే, ఎవరు వెళ్తారు, ఏ నిధి, అంతా ఒకే పట్టికలో. గొంతు వణికినా మొత్తం చదివేశాను. ఒక చిన్న ఊరి ఇంజినీరు, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, లేచి 'మా ఊళ్లో ఈ సర్వే జరగాలి, కావాలంటే ఇద్దరు మనుషుల్ని నేనే పంపిస్తా' అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి రా, నిజం.

చివరికి తేలిందేమిటంటే, ఖాళీ అయిన పోస్టు జీతం ఎలాగూ మిగిలింది కదా, మోడల్ కన్సల్టెంట్‌కి అది ఇస్తారు. నా సర్వే గంటలు ఉంటాయి, జనంతో మీటింగులకు పెట్టుకున్న గంటలు మాత్రం వచ్చే ఏడాదికి నెట్టేశారు. అది బాధగానే ఉంది, స్టాపు దగ్గర నిలబడేవాళ్లని అడక్కుండా ఎంత కొలిస్తే ఏం లాభం? పైగా మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి మీద ఇప్పుడు రెండు టాస్కులు పడ్డాయి, ఆ పిల్ల గంటల గురించి ఎవరూ మాట్లాడలేదు, నేనే డైరెక్టర్‌తో మాట్లాడాలి, రేపో ఎల్లుండో...

ఇంకా బోర్డు ఓటు ఉంది, గురువారం. డబ్బు ఒక టాస్క్ నుంచి ఇంకోదానికి ఇంత పెద్ద మొత్తంలో మారుతోంది కాబట్టి బోర్డు సరేనన్నాక రాష్ట్రం, ఫెడరల్ హైవే, ట్రాన్సిట్ వాళ్లు కూడా ఒప్పుకోవాలి. టెన్షన్‌గానే ఉంది.

అన్నట్టు, 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలో పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఉమ్టా (నగర రవాణా సంస్థలన్నిటినీ కలిపి చూసే అథారిటీ) ఉండాలన్నారు కదా, హైదరాబాద్‌లోనూ పెట్టారు. అక్కడ పనిచేసేవాళ్ల టైమ్‌కి ఇలా పనివారీ లెక్క ఏమైనా ఉంటుందా? నీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే కనుక్కో. నువ్వు మీ కాలనీలో ఫుట్‌పాత్‌ల కోసం తయారుచేసిన ఫారం ఉంది చూడు, అది నాకు పంపు, చెట్టు వేర్లకి పైకి లేచిన పలకలు రాసే గడి అందులో బాగుంటుంది, నా ఫారంలో అది...

చిన్నదాని స్కూల్ బస్సు వచ్చే టైమ్ అయిపోయింది, కిందికి పరిగెత్తాలి. అరటి గెల సంగతి ఇంకో ఉత్తరంలో.

నీ
మామ