ముందు వాసన, తర్వాతే చూపు

ఒరేయ్ మావా,

నిన్న నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి నా మనసంతా మీ ఇంట్లోనే ఉంది. మా మేనకోడలు బండి కింద ఏడుస్తున్న పిల్లికూనని ఒళ్లో పెట్టుకుని తెచ్చేసింది, మీ కుక్క రాజుగాడేమో గది గుమ్మంలో నించుని గుర్రుమంటున్నాడు. నువ్వు కంగారులో ఉన్నావు, నేను సగం చెప్పేలోపు లైను కట్టయింది. ఇద్దరినీ ఒకరికొకరిని ఎలా అలవాటు చెయ్యాలో మిగతాది తీరిగ్గా రాస్తున్నాను. మా కుక్క టైగర్ ఉన్న ఇంటికి పిల్లికూన జున్నుని తెచ్చినప్పుడు ఇదే టెన్షన్ మేమూ పడ్డాం.

అన్నిటికంటే ముందు కూనకి తలుపు మూసే గది ఒకటి ఇవ్వు. మీ వెనక గది సరిపోతుంది. అన్నం గిన్నె, నీళ్లు, దొడ్డికెళ్లడానికి ఇసుక ట్రే, దాక్కోడానికి ఒక అట్టపెట్టె అన్నీ అక్కడే ఉండాలి. రోడ్డు మీద పుట్టిన కూన ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగులు, చెవుల్లో పురుగులు, చర్మానికి తామర ఉండొచ్చు. ఇవి రాజుకి అంటుకుంటాయి, తామరైతే పాపకి కూడా అంటుకుంటుంది. డాక్టర్‌కి చూపించి, నట్టల మందు పట్టించి, ఓ రెండు వారాలు చూశాక కలపడం గురించి ఆలోచించు. పిల్లులకిచ్చే మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతుంది, రేబిస్ టీకా మూడు నెలలప్పుడు. ఈలోగా అది పాపని గీరినా కొరికినా చిన్నదే కదా అని వదిలెయ్యకు. సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లు. దీంట్లో మాత్రం మొహమాటం వద్దు.

ఇక అసలు సంగతి. మనం ఎవరినైనా మొహం చూసి గుర్తుపడతాం. వీళ్లిద్దరికీ ముందు కావాల్సింది వాసన. కుక్కకైనా పిల్లికైనా అంగిట్లో, పై పళ్ల వెనక, వాసనలు పసిగట్టడానికి విడిగా ఒక అవయవమే ఉంది. పిల్లి తన బుగ్గలు కుర్చీ కాలికో తలుపుకో రుద్దుతుంది చూడు, అక్కడ తన వాసన వదిలి ఆ చోటు తనదని చెప్పుకుంటుంది. అందుకని నీ పాత లుంగీ ముక్కతో కూన బుగ్గలు మెల్లగా తుడిచి, ఆ గుడ్డని రాజు పడుకునే చోటికి కాస్త దూరంగా పడెయ్యి. రాజు ఒళ్లు తుడిచిన గుడ్డ కూన గదిలో పెట్టు. ముక్కు దగ్గర పెట్టి బలవంతంగా చూపించొద్దు, వాడే వస్తాడు. తర్వాత ఇద్దరికీ మూసిన తలుపుకి అటొకరికి ఇటొకరికి అన్నం పెట్టు. మొదట దూరంగా, రోజులు గడిచేకొద్దీ దగ్గరగా. ఆ వాసన వస్తే అన్నం వస్తుందని రాజుకి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎదురెదురుగా చూపించే రోజు ముందు రాజుని బాగా నడిపించి తీసుకురా. మెడకి బెల్టు, చేతిలో తాడు, తాడు వదులుగా. కూనని మాత్రం చేతుల్లో పట్టుకోవద్దు, భయపడితే నీ మొహమే గీరేస్తుంది. అది ఎక్కి కూర్చోడానికి ఎత్తైన చోటు ఉండాలి. మా జున్నుకి బీరువా పైభాగం ఇచ్చాం, ఇప్పటికీ దాని రాజ్యం అదే. ఇంకోటి, రాజు తోక ఊపుతున్నాడని మురిసిపోకు. ఒళ్లు బిగబట్టి, నోరు మూసుకుని, కళ్లార్పకుండా చూస్తూ తోక ఊపినా అది స్నేహం కాదు. వెంటనే పిలిచి, ఏదైనా తినిపించి, అవతలికి తీసుకెళ్లు. పిల్లి తోక అటూ ఇటూ కొడుతోందంటే అది చిరాకు. కూన పరిగెత్తితే ఏ కుక్కకైనా తరమాలనిపిస్తుంది, కాబట్టి ఇద్దరినీ ఒంటరిగా వదిలేసి బజారుకి వెళ్లొద్దు.

రాజు గుర్రుమంటే కొట్టొద్దు రా, నిన్ను చేతులు పట్టుకుని అడుగుతున్నా. గుర్రుమనడమంటే ‘నాకు కష్టంగా ఉంది, దూరం జరపండి’ అని వాడు మర్యాదగా చెప్పడం. ఆ మాట నోట్లోనే అణిచేస్తే రేపు చెప్పకుండానే కొరుకుతాడు. కూన బుస కొట్టినా అంతే.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. రాజుకి గోమార్లు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందు ఉంది కదా, దాని డబ్బా ఇవాళే చదువు. అందులో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే ఆ మందు కూన ఉన్న ఇంట్లో వద్దు. కుక్కకి ఏమీ కాదుగానీ పిల్లి ఒళ్లు దాన్ని అరిగించుకోలేదు, వణుకు వచ్చి ఫిట్స్‌తో ప్రాణమే పోవచ్చు. రాజుని నాకినా, వాడికి ఆనుకుని పడుకున్నా చాలు. డాక్టర్‌ని అడిగి వేరే మందు మార్పించు. పారాసెటమాల్ బిళ్ల కూడా పిల్లికి విషమే.

చెల్లెమ్మకి చెప్పు, కూనకి ఆవు పాలు పొయ్యొద్దని. విరేచనాలు పట్టుకుంటాయి. కూన తిండి కూనదే. కుక్క తిండిలో పిల్లికి కావాల్సిన టౌరిన్ అనే పోషకం సరిపడా ఉండదు. ఆ గిన్నె రాజుకి అందని ఎత్తులో పెట్టు, లేకపోతే వాడే ఖాళీ చేస్తాడు. ఇసుక ట్రే కూడా వాడికి అందకూడదు, ఎందుకో రాయక్కర్లేదు.

నా బెంగంతా రాజుగాడి మీదే. తొమ్మిదేళ్లుగా ఆ ఇల్లు వాడిది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని వాడికి అనిపించకూడదు. పొద్దున్నే వాడి నడక తప్పొద్దు, అన్నం ముందు వాడికే, అత్తయ్య మంచం పక్కన చోటు వాడిదే. కీళ్ల నొప్పులున్నవాడు, కూన తోక పట్టుకుని ఆడుతుంటే పారిపోలేడు, కాబట్టి దాని నుంచి తప్పించుకునే మూల వాడికీ కావాలి. పాప అంతా కూన చుట్టూనే తిరుగుతుంది, రోజూ కాసేపు రాజుతో కూర్చోమను.

ఎన్నాళ్లు పడుతుందని అడిగావు. కొన్ని ఇళ్లలో వారాలు, కొన్నిట్లో నెలలు. టైగర్, జున్ను ఇవాళ్టికీ ఒకరి మీద ఒకరు పడుకోరు. ఒకే గదిలో చెరో వైపు నిశ్చింతగా నిద్రపోతారు, నాకు అదే గొప్ప. దీపావళి దగ్గర్లో ఉంది, టపాసుల చప్పుడుకి రాజు ఎలాగూ వణుకుతాడు. ఆ రోజుల్లో కొత్తగా ఏమీ మొదలెట్టకు, ఎవరి గదిలో వాళ్లని ఉంచు.

జున్ను చిన్నప్పటి బుట్ట మా అటక మీదే ఉంది. ఆదివారం వస్తూ తెస్తాను, డాక్టర్ దగ్గరికి అందులో తీసుకెళ్దాం. ఈలోగా ఆ మందు డబ్బా ఫొటో నాకు పంపించు.

ఉంటా మావా,
నీ బావ