చేతులు కాలాక ఆకులెందుకు, గైవాన్ అంచు ముందే చూసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో చైనా టీ మీద వేసిన పేజీ చదివాను. బాగానే ఉంది, మన దగ్గర కూడా గ్రీన్ టీ, ఊలాంగ్ అంటూ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని తాగేవాళ్ళు పెరిగారు కాబట్టి ఇలాంటివి రావాల్సిందే. కానీ గైవాన్ అనే చైనా టీ గిన్నె దగ్గరికొచ్చేసరికి మాత్రం, మరిగే నీళ్ళు అంచుదాకా పోసి గిన్నె నడుం పట్టుకుని వంపమన్నారు, పైగా మొదట్లో వేళ్ళు చురుక్కుమంటాయిగానీ పోనుపోను అలవాటైపోతుందని కూడా రాశారు. అలవాటేంటండీ? నేను డాక్టర్ని, 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లు తగిలినా చర్మం కాలుతుంది, ఇక్కడ మీరు చెప్తున్నవేమో వందకి దగ్గరున్న నీళ్ళు. గైవాన్ వాడేవాళ్ళ వేళ్ళు కాలకపోవడానికి కారణం చర్మం మొద్దుబారడం కాదు, వాళ్ళు వేడి లేని చోట పట్టుకుంటారు, అంతే. ఆ చోటు ఏదో మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నేను మెడిసిన్ చదివింది చైనాలో, సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూలో. మన తెలుగు పిల్లలు చాలామంది చైనాలో ఎంబీబీఎస్ చేశారు, వాళ్ళలో సిచువాన్ వైపు ఉన్నవాళ్ళకి ఈ వస్తువు కొత్తేమీ కాదు, ఏ పార్కుకి వెళ్ళినా టేబుల్ మీద ఇదే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తా, గైవాన్ అంటే పిడి లేని పింగాణీ గిన్నె, దానికో మూత, కింద ఒక సాసర్. మూత ఆకాశం, సాసర్ భూమి, మధ్యలో గిన్నె మనిషి అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. మీ వ్యాసంలో అసలు చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, దీన్ని రెండు రకాలుగా వాడతారు, రెండింటికీ పట్టుకునే పద్ధతి వేరు, మీరు ఒకదాని ఫోటో వేసి ఇంకోదాని గురించి రాశారు.

ఫోటోలో ఉన్నది చెంగ్డూ పద్ధతి. అక్కడ గైవాన్‌లోంచే నేరుగా తాగుతారు. పీపుల్స్ పార్కులో 1923 నాటి హెమింగ్ టీహౌస్ ఉంది, వెదురు కుర్చీలేసుకుని పెద్దాళ్ళు మధ్యాహ్నమంతా అక్కడే, ఒకాయన పేకాట, ఒకాయన చెవులు శుభ్రం చేయించుకుంటూ (నిజంగానే, దానికని పనిముట్లు మోగించుకుంటూ మనుషులు తిరుగుతుంటారు). వాళ్ళు కప్పు ఎత్తడం గమనిస్తే గిన్నెని అసలు ముట్టుకోరు. ఎడమ చేత్తో సాసర్‌ని కింద నుంచి ఎత్తుతారు, కుడి చేత్తో మూతతో మల్లెపూల టీ ఆకుల్ని అవతలికి నెట్టి, మూత కొంచెం వాల్చి ఆ సందులోంచి గుటక వేస్తారు. నీళ్ళు అయిపోతే మూత తీసి సాసర్‌కి ఆనించి పెడతారు, పిలవక్కర్లేదు, కెటిల్ అతను చూసి వచ్చి పోసేస్తాడు. వేలు వేడికి తగిలే అవకాశమే లేదు, ఎందుకంటే పట్టుకున్నది సాసర్‌ని.

అసలు ఈ సాసర్ పుట్టిందే వేళ్ళు కాలడం వల్ల అని ఒక పాత కథ ఉంది. టాంగ్ రాజుల కాలంలో, 780 ప్రాంతంలో, సిచువాన్‌లో త్సుయ్ నింగ్ అనే అధికారి కూతురు టీ కప్పు పట్టుకుంటే చెయ్యి కాలుతోందని కప్పు కింద చిన్న పళ్ళెం పెట్టిందట, కప్పు జారిపోతోందని పళ్ళెం మధ్యలో మైనంతో ఒక చుట్టు వేసి అందులో కూర్చోబెట్టిందట, తర్వాత మైనం బదులు లక్కతో చేయించారట. నిజమో కాదో పక్కన పెడితే, ఆ అమ్మాయి వేళ్ళు కాలితే అలవాటు చేసుకోలేదు, ఉపాయం ఆలోచించింది, పన్నెండొందల ఏళ్ళ కిందటే! ఇప్పటికీ సాసర్ మధ్యలో గిన్నె అడుగు కూర్చోవడానికి గుంట ఉంటుంది చూడండి, కొనేటప్పుడు గిన్నెని అందులో పెట్టి కాస్త కదిపి చూడాలి, గలగలా ఊగిపోతే ఆ సెట్టు వద్దు.

ఇక మీరు రాసింది వంపే పద్ధతి గురించి. ఇది దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లోని చావోజౌ, ఫూజియన్ వైపు గోంగ్‌ఫూ టీది. మింగ్ చక్రవర్తి హోంగ్‌వూ 1391లో దర్బారుకి అచ్చులు కట్టిన టీ పంపొద్దు, విడి ఆకే పంపండి అని ఆజ్ఞ వేశాక పొడి చేసి చిలికే టీ మెల్లగా వెనకబడి ఆకుని నీళ్ళలో నానబెట్టడం వాడుకలోకొచ్చింది, మూత ఉన్న గిన్నెలకి గిరాకీ అలా పెరిగింది. గోంగ్‌ఫూలో 100 మిల్లీలీటర్ల గిన్నెలో 5 నుంచి 7 గ్రాముల ఆకు వేస్తారు, అంటే సగం గిన్నె ఆకే, మరిగే నీళ్ళు పోసి పది సెకన్లలో వంపేస్తారు, మళ్ళీ పోస్తారు, మళ్ళీ వంపుతారు, ఒకే ఆకు ఏడెనిమిది సార్లు. ఇక్కడ గైవాన్ కప్పు కాదు, టీపాట్ పని చేస్తుంది. వంపేటప్పుడు చాలామంది సాసర్‌ని టేబుల్ మీదే వదిలేసి గిన్నెని ఒక్క చేత్తో ఎత్తుతారు, కాబట్టి కాలితే ఇక్కడే కాలాలి.

పట్టుకోవాల్సింది అంచు. బయటికి విచ్చుకున్న పల్చటి అంచు, నీళ్ళకి పైన, మూతకి బయట ఉండే ఆ సన్నటి చుట్టు. పింగాణీలో వేడి త్వరగా పాకదు, అంచుకి లోపల నీళ్ళు తగలవు, బయట గాలి తగులుతుంది, అందుకని గిన్నె నడుం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా అంచు మాత్రం పట్టుకునేలా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ స్టీల్ గ్లాసుకి పైన అంచు బయటికి వంచి ఉంటుంది కదా, మనం బొటనవేలూ మధ్యవేలూ అక్కడే వేసి ఎత్తుతాం, గైవాన్ కూడా అంతే. మన అమ్మమ్మలకి ఇస్తే ఎవరూ నేర్పకుండానే సరిగ్గా పట్టుకుంటారు.

అందుకే కొనేటప్పుడు ముందు చూడాల్సింది పువ్వుల డిజైను కాదు, పక్క నుంచి తీసిన ఫోటో. అంచు గంటలా బయటికి విచ్చుకుందా, నిటారుగా ఉందా? నిటారుగా, గుండ్రంగా లోపలికి తిరిగిన గిన్నెలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయిగానీ వేలు పెట్టడానికి చోటుండదు. మూత గిన్నె లోపల కూర్చోవాలి, మూత అంచుకీ గిన్నె అంచుకీ మధ్య బయట కనీసం వేలి కొన ఆనేంత జాగా ఉండాలి. మూత మీద బొడిపె కాస్త ఎత్తుగా, పైన చిన్న గుంటతో ఉంటే చూపుడువేలు జారదు, మూత వేడి కూడా అంతగా తగలదు. ఆ తర్వాత సైజు. అమ్మేవాళ్ళు చెప్పే మిల్లీలీటర్లు మామూలుగా అంచుదాకా నింపితే పట్టే లెక్క, 120 అంటే మీరు పోసేది తొంభై, వంద. ఆడవాళ్ళ చేతులకి, నాలాంటి చిన్న చేతులకి 100 నుంచి 120 దాటొద్దు. 180, 200 అని పెద్దది కొంటే బొటనవేలికీ మధ్యవేలికీ దూరం చాలక పట్టు వదులవుతుంది, వదులైతే భయపడి చెయ్యి కిందికి జారి నడుం తగులుతుంది, ఇంక చెప్పాలా.

మందం గురించి వాదనలున్నాయి. మందంగా ఉంటే వేడి బయటికి రాదు కదా అంటారు కొందరు, మొదటిసారికి అది నిజమే, కానీ గోంగ్‌ఫూలో వరసగా పోస్తూనే ఉంటాం, మందం గిన్నె వేడంతా దాచుకుని మూడోసారి నాలుగోసారికి అంచుతో సహా కాలుతుంది. పల్చటిది పోయగానే వేడెక్కుతుంది, వంపగానే అంచు చల్లబడుతుంది. నా ఓటు పల్చటి తెల్ల పింగాణీకే, చైనాలో పింగాణీకి పేరున్న ఊళ్ళు జింగ్‌డెజెన్‌ది గానీ దెహువాది గానీ, పేరున్న చేత్తో గీసిన ఖరీదువి అక్కర్లేదు. గాజు గైవాన్‌లో ఆకు విచ్చుకోవడం చూడ్డానికి చాలా బాగుంటుందిగానీ వాటికి ఎక్కువగా అంచు మొద్దుగా, నిటారుగా ఉంటుంది, కొత్తవాళ్ళకి నేను చెప్పను. మట్టివి వాసన పీల్చుకుంటాయి, వాటి జోలికి తర్వాత వెళ్ళొచ్చు.

ఇప్పుడు నీళ్ళు. అంచుదాకా అని మీరు రాసిందే అసలు ప్రమాదం. మూత కూర్చునే గీతకి కొంచెం కిందే ఆపాలి, మూత పెట్టాక నీళ్ళు పైకి పొంగి అంచుకీ మూతకీ మధ్య కాలవలా నిలిస్తే ఆ నీళ్ళే వేళ్ళ మీదికొస్తాయి. అలా నిలిచిందనుకోండి, ఎత్తకండి, మూత తీసి కొంచెం ఒంపేసి మళ్ళీ పెట్టండి. ఎత్తే ముందే, గిన్నె టేబుల్ మీద ఉండగానే, మూతని కాస్త పక్కకి వాల్చి అరచేతికి దూరంగా ఉన్న వైపు సన్నటి సందు చెయ్యాలి, ఆకు పడకుండా నీళ్ళు వచ్చేంత. ఆవిరి ఆ సందులోంచే వస్తుంది కాబట్టి బొటనవేలు గానీ మధ్యవేలు గానీ దానికి ఎదురుగా ఉండకూడదు, రెండూ చెరో పక్క, సందు మధ్యలో. చూపుడువేలు బొడిపె మీద, అది కూడా నొక్కిపట్టక్కర్లేదు, ఆనితే చాలు. మిగతా రెండు వేళ్ళు మడిచి పైకి, ఊరికే గిన్నెకి తగిలేలా వేలాడేయకండి, కొత్తవాళ్ళకి ఎక్కువగా కాలేది ఉంగరం వేలే.

వంపేటప్పుడు సగంలో ఆగడం అన్నిటికన్నా చెడ్డది. మెల్లగా వాలిస్తే టీ గిన్నె గోడ వెంట కారి వేలి దగ్గరికే వస్తుంది. చావోజౌవాళ్ళు వంపడం చూస్తే గిన్నె దాదాపు నిలువుగా తిరిగిపోతుంది, ఒక్క ఊపులో, చివరి చుక్క దాకా. వేగంగా అంటే హడావుడిగా అని కాదు, తడబడకుండా అని. అందుకే ముందు చల్లనీళ్ళతో, లోపల కొంచెం టీ ఆకు వేసుకుని సింకు దగ్గర వంపడం ప్రాక్టీస్ చెయ్యండి, చెయ్యి తిరిగాక వేడినీళ్ళు. ఆ తర్వాత కూడా లాంగ్‌జింగ్ లాంటి గ్రీన్ టీతో మొదలెడితే మేలు, దానికి ఎలాగూ 80 డిగ్రీల నీళ్ళే వాడాలి. చావోజౌ దాన్‌త్సోంగ్ ఊలాంగ్‌కి, పుయెర్ అనే టీకి మరిగే నీళ్ళే కావాలి, అవి తర్వాత. ఇంకోటి, మొదటిసారి బాగానే ఉంది కదా అని ధీమాగా ఉండకండి, గిన్నె వేడి పోగేసుకుంటూ పోతుంది, మూడోసారి దగ్గరే చురుక్కుమనేది. అంచు వేడిగా అనిపిస్తే అరనిమిషం మూత తీసి వదిలేయండి, కొంపలేం మునగవు.

ఇంత చెప్పినా వేళ్ళు వణికేవాళ్ళుంటారు, కీళ్ళ నొప్పులున్న పెద్దాళ్ళుంటారు, వాళ్ళు సాసర్‌తో కలిపి ఎత్తొచ్చు, నాలుగు వేళ్ళు సాసర్ కింద, బొటనవేలు మూత బొడిపె మీద. అచ్చం గోంగ్‌ఫూలా లేదని ఎవరైనా ముఖం చిట్లిస్తే చిట్లించనీండి. చిన్న ముక్కు, అంచు చుట్టూ వేడి తగలని పట్టీ ఉన్న రకాలు కూడా దొరుకుతున్నాయి, తప్పేం లేదు.

ఇవన్నీ పాటించినా ఒకవేళ కాలితే వెంటనే కుళాయి కింద పెట్టండి, 20 నిమిషాలు, గడియారం చూసుకుని, రెండు నిమిషాలకే తీసేయకుండా. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసేయాలి. ఐసు ముక్క వద్దు, టూత్‌పేస్టు వద్దు, ఇంకు వద్దు, వెన్న వద్దు. పేస్టు పట్టించుకుని వచ్చినవాళ్ళకి దాన్ని కడగడమే మాకు సగం పని, వాళ్ళకేమో ఇంకా నొప్పి. బొబ్బ లేస్తే చిదమకండి, అరచేతిలో గానీ పిల్లలకి గానీ కాలితే ఆస్పత్రికి రండి.

చివరగా ఒక్క రిక్వెస్టు. పేజీ మళ్ళీ వేస్తారో లేదో తెలీదుగానీ కనీసం వచ్చే ఆదివారం ఆ "అంచుదాకా" అన్న మాట ఒక్కటి సరిచేస్తూ చిన్న సవరణ వేయండి, కుదిరితే సాసర్‌తో తాగుతున్న ఫోటో ఒకటి, అంచు పట్టుకుని వంపుతున్న ఫోటో ఇంకోటి, పక్కపక్కన.

ఇట్లు,
మీ పాఠకురాలు, గుంటూరు