ఈసారి విరాళం ఈతకొలనుకి

అందరికీ నమస్కారం. ఇది గోపురం రంగుల కోసమో కొత్త వంటశాల కోసమో కాదని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గుడి కమిటీ పేరుతో మెసేజ్ రాగానే "మళ్లీ మొదలెట్టారు" అనుకునేవాళ్లలో కమిటీలోకి రాకముందు నేనూ ఒకణ్ణి.

పోయిన వేసవిలో ఇక్కడ నార్త్ కరోలినాలోని జోర్డాన్ లేక్ దగ్గర మన పిక్నిక్‌కి వచ్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పులిహోర ట్రేలు సర్దుతున్నాం, నడుంలోతు నీళ్లలో ఆడుకుంటున్న ఆరేళ్ల బాబు బంతి కోసం రెండడుగులు ముందుకేశాడు, అక్కడ కాళ్లకి నేల అందలేదు. ఒడ్డున పెద్దవాళ్లం పదకొండు మందిమి. ఒక్కరికీ ఈత రాదు. పక్కన చేపలు పడుతున్న ఒకాయన బూట్లతోనే దూకి బయటికి తీసుకొచ్చాడు. బాబు కాసేపు దగ్గి, ఏడ్చి, తర్వాత రెండు జిలేబీలు కూడా తిన్నాడు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న వాళ్లు జీలుగు బెండ్లు నడుముకి కట్టుకుని ఊరి బావిలో దూకి నేర్చుకున్నారు, మనమేమో అపార్ట్‌మెంట్లో కూర్చుని ఎంసెట్‌కి చదివాం.

ఆ తర్వాత నేనూ మరో ఇద్దరూ ఈత క్లాసుల కోసం వెతకడం మొదలుపెట్టాం. అలా వెతుకుతూ వెళ్తే, గుడికి పాతిక నిమిషాల దూరంలో ఒక కమ్యూనిటీ రిక్రియేషన్ సెంటర్ కనపడింది. దానికి దగ్గర్లోని ఒక హెచ్‌బీసీయూతో ఒప్పందం ఉంది. హెచ్‌బీసీయూ అంటే తెలియనివాళ్లకి: నల్లజాతి విద్యార్థుల్ని మిగతా కాలేజీలు గేటు దాటనివ్వని రోజుల్లో వాళ్ల కోసం పుట్టిన కాలేజీలు, 1964కి ముందు పెట్టినవి, దేశం మొత్తం మీద సుమారు వంద ఉన్నాయి. రాలీలో షా యూనివర్సిటీ 1865 నాటిది. డర్హమ్‌లో నార్త్ కరోలినా సెంట్రల్ 1910లో మొదలైంది. ఏళ్ల తరబడి వాటి ముందు నుంచే కారులో వెళ్తున్నాం, ఒక్కసారైనా లోపలికి వెళ్లామా?

ఒప్పందం చాలా మామూలుది. సెంటర్ దగ్గర కొలను ఉంది, నేర్పేవాళ్లు చాలరు. కాలేజీలో రిక్రియేషన్, వ్యాయామ విద్య చదివే పిల్లలకి డిగ్రీ రావాలంటే ఇన్ని గంటల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. వాళ్లు వచ్చి నేర్పుతారు, ప్రొఫెసర్ పర్యవేక్షిస్తారు, కాలేజీ క్రెడిట్లు ఇస్తుంది. నేను వెళ్లిన శనివారం ఒక అమ్మాయి ఏడేళ్ల పిల్లాడి తల కింద అరచెయ్యి పెట్టి వెల్లకిలా తేలిస్తోంది, వాడి పాదాలు మునిగిపోతున్నాయి, బెదిరిపోతున్నాడు. "పొట్ట ఆకాశానికి చూపించు" అంటూ నెమ్మదిగా ఒక్కో వేలే తీసేసింది. చివరికి చిటికెన వేలు మీద ఉన్నాడు వాడు, వాడికి తెలీదు. క్లాసయ్యాక మాట్లాడితే తెలిసింది, ఆ అమ్మాయి రాత్రిపూట ఒక స్టోర్‌లో సామాన్లు సర్దే పని చేసి తెల్లవారి నేరుగా ఇక్కడికే వస్తుందట. ఇంటర్న్‌షిప్‌కి జీతం లేదు. ఇద్దరు ఇంటర్న్‌లు పోయిన సెమిస్టర్‌లో ఆ కారణంగానే మానేశారు. బండి ఆగుతున్నది ఇక్కడే, మనం చెయ్యి వెయ్యగలిగేదీ ఇక్కడే.

"మన గుడి డబ్బు బయటివాళ్లకెందుకు" అని మీటింగులో ఒకరు అడిగారు. ఇంకొకరు కొంచెం గొంతు తగ్గించి "ఆ ఏరియాకా?" అన్నారు. మొదటిది న్యాయమైన ప్రశ్నే. రెండోది విని నాకు సిగ్గేసింది, దాని గురించి ఇంతకంటే రాయను.

మొదటిదానికి జవాబు. 1965కి ముందు అమెరికా ఇండియా మొత్తానికి ఏడాదికి ఇచ్చిన వలస కోటా 100 మంది. ఆ తలుపు తెరిచిన వలస చట్టం మీద 1965 అక్టోబర్ 3న సంతకమైంది, నల్లజాతివాళ్ల పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కుదిపేసిన ఊపులోనే. ఆ ఉద్యమానికి కాళ్లూ చేతులూ ఈ కాలేజీల పిల్లలే. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో వూల్‌వర్త్ స్టోర్‌లో తెల్లవాళ్లకే వడ్డించే కౌంటర్ ముందు కూర్చుని, కాఫీ ఇవ్వకపోయినా లేవని నలుగురూ ఇక్కడి ఏ అండ్ టీ కాలేజీ విద్యార్థులు. రెండు నెలలకి, ఏప్రిల్‌లో, ఎస్‌ఎన్‌సీసీ అనే విద్యార్థి సంఘం పుట్టింది మన రాలీలోని షా యూనివర్సిటీలో. మనం ఇక్కడ ఇళ్లు కొనుక్కుని, గుడి కట్టుకుని, ఉగాది పచ్చడి పంచుకుంటున్నామంటే అందులో వాళ్ల పాలు ఉంది. గాంధీని చూడటానికి 1930ల్లోనే ఇండియా దాకా వచ్చినవాళ్లు కూడా ఈ కాలేజీల పెద్దలే, హోవర్డ్ థర్మన్, బెంజమిన్ మేస్.

ఇంక ఈత. దక్షిణాది ఊళ్లలో చాలా చోట్ల నల్లవాళ్లతో కలిసి ఈదడం ఇష్టంలేక ఏకంగా కొలనులే మూసేశారు. మిసిసిపీలో జాక్సన్ నగరం అలా మూసేస్తే, 1971లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా నగరం చేసింది తప్పు కాదని తేల్చింది. తాతకి రాకపోతే తండ్రికి రాదు, తండ్రికి రాకపోతే పిల్లాడికి భయం. 2017లో యూఎస్‌ఏ స్విమ్మింగ్ ఫౌండేషన్ సర్వేలో నల్లజాతి పిల్లల్లో 64 శాతం మందికి ఈత అసలు రాదు, లేదా అంతంతమాత్రం అని తేలింది. మనకి రాకపోవడానికి కారణం వేరు, మునిగే నీళ్లు ఒకటే.

మరో ముచ్చట, డబ్బు సంగతికి వచ్చేముందు. 1944 మార్చి 12, ఆదివారం పొద్దున, ఊరంతా చర్చిలో ఉన్న టైమ్ చూసుకుని, డ్యూక్ మెడికల్ స్కూల్ తెల్లవాళ్ల జట్టు ఎవరికీ కనపడకుండా డర్హమ్‌లోని నల్లజాతి కాలేజీ జిమ్‌కి వచ్చింది. తలుపులు వేసుకుని బాస్కెట్‌బాల్ ఆడారు. ఆ నల్లజాతి కాలేజీ కోచ్ జాన్ మెక్‌లెండన్ జట్టు 88-44తో గెలిచింది. తర్వాత రెండు జట్లనీ కలిపేసి ఇంకో ఆట ఆడారట. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అలా కలిసి ఆడటం చట్టానికి విరుద్ధం అప్పట్లో. ఇప్పుడు మనం తలుపులు బార్లా తీసుకుని వెళ్లొచ్చు.

ఈ వేసవిలో ఎనిమిది శనివారాలు, 40 మంది పిల్లలు, సగం మన ఆదివారం బడి పిల్లలు, సగం ఆ సెంటర్ చుట్టుపక్కల పిల్లలు, అందరూ కలిసే, వేరు వేరు బ్యాచులు ఉండవు. ఎనిమిది మంది విద్యార్థులకి తలా 1,500 డాలర్ల స్టైపెండ్, అంటే 12,000. కొలను అద్దె 3,200, వాళ్ల లైఫ్‌గార్డ్ శిక్షణకీ సర్టిఫికెట్లకీ 2,400, వ్యాన్‌కి 1,800, గాగుల్స్, ఈత దుస్తులు 1,000. మొత్తం 20,400. నిండు చేతుల ఈత దుస్తులు వేసుకోవచ్చా అని అమ్మమ్మలు అడుగుతున్నారు, వేసుకోవచ్చు, కనుక్కున్నాం. అన్నదానం నిధి ముట్టుకోలేదు, పోయిన ఉగాది కార్యక్రమంలో మిగిలిన 5,000 కమిటీ ఇచ్చింది. మీ నుంచి కావాల్సింది 15,400.

ఒక్కో బిడ్డకి లెక్కేస్తే 510 అవుతుంది. మనకి అలాంటి అంకె నోటికి రాదు కాబట్టి 516 అనుకుందాం. కుదరకపోతే 116. పిల్లలు ముంతలో దాచుకున్న చిల్లర తెచ్చినా తీసుకుంటాం, పోయినసారి లెక్కపెట్టడానికి గంట పట్టింది, పర్వాలేదు. స్టైపెండ్ డబ్బు కాలేజీ ఫౌండేషన్ ద్వారా వెళ్తుంది, అద్దె నేరుగా సెంటర్‌కి చెక్కు, రసీదులన్నీ నోటీసు బోర్డు మీద పెడతాం. ఆఫీసులో మ్యాచింగ్ (మీరిచ్చిన విరాళానికి కంపెనీ కూడా తన వంతు కలపడం) ఉన్నవాళ్లు ఒకటి గమనించండి: కొన్ని కంపెనీలు గుడి అంటే మ్యాచ్ చెయ్యవు, సమాజ సేవ కార్యక్రమమైతే చేస్తాయి. పోర్టల్‌లో నింపేముందు చూసుకోండి, కావాలంటే లెటర్ మేం ఇస్తాం. 250 డాలర్లు, ఆ పైన ఇచ్చినవాళ్లకి పన్ను కోసం రాతపూర్వకంగా రసీదు వస్తుంది.

విద్యార్థులు వేసవి ఇంటర్న్‌షిప్‌కి ముందే పేరు రాయించుకోవాలి, అందుకే ఏప్రిల్ 30 లోపు కావాలి. ప్రతి శనివారం అభిషేకం అయ్యాక చెప్పుల స్టాండ్ పక్కన టేబుల్ వేసుకుని కూర్చుంటాం. చెక్కు రాసేవాళ్లు మెమోలో "ఈత" అని రాయండి చాలు, లేకపోతే కోశాధికారిగారు అలవాటుగా దాన్ని గోపురం ఖాతాలో వేసేస్తారు.