ప్రోగ్రాములు పడని కొత్త డీజేల గురించి ఒక షామియానా వ్యాపారి ఉత్తరం

సంపాదకులకు నమస్కారములు.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనూ, సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నంలోనూ పెళ్ళి ఊరేగింపుల్లో డీజేల హోరు భరించలేకపోతున్నామని పాఠకులు రాసే ఉత్తరాలను మీ పత్రికలో చూస్తూనే ఉన్నాను. ఆ బాధ న్యాయమైనదే. అయితే అప్పు చేసి బాక్సులూ, ఆంప్లిఫయర్లూ, లైట్లూ కొనుక్కొని, బండి మీద పెద్ద అక్షరాలతో పేరు రాయించుకొని, మంచి ముహూర్తాలున్న రోజుల్లో కూడా ప్రోగ్రాము పడక ఇంట్లో కూర్చుంటున్న కొత్త డీజేలు కూడా ఈ ఊళ్ళలో తక్కువమంది లేరు. ఈ రెండు సమస్యలకూ మూలం ఒక్కటే, హోరు పెద్దదైతే చాలుననుకోవడమేనని నా అభిప్రాయం. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే నా వంటివారి దగ్గరికే పెళ్ళివారు ముందుగా వస్తారు గనుక, మంచి డీజే ఎవరైనా ఉంటే చెప్పమని అడిగేదీ మమ్మల్నే. వారు ఏమి అడుగుతారో, ఎవరిని వద్దంటారో దగ్గరుండి చూసినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

బరాత్ ముందు ఎగిరే కుర్రవాళ్ళు డీజేని ఎంత మెచ్చుకున్నా, అడ్వాన్సు ఇచ్చేది పెళ్ళికూతురి తండ్రో, మేనమామో, ఉద్యోగం చేసే పెద్దన్నో అయి ఉంటారు. ఆయన నన్ను వాట్లు ఎన్ని అని ఇంతవరకు అడగలేదు. చెప్పిన వేళకు బండి వస్తుందా, పోలీసులు వచ్చి ఆపితే ఎవరు మాట్లాడతారు, ఆడవాళ్ళ ముందు బూతు పాటలు పెడతారా, తాగి వచ్చినవాడు మైకు లాక్కుంటే ఏం చేస్తారు, ఇంట్లో గుండె జబ్బున్న ముసలాయన ఉన్నారు ఎలా అన్నవే ఆయన ప్రశ్నలు. కొత్త డీజే మాత్రం ఆయన ముందు కూర్చొని తన బాస్ బాక్సుల సైజు చెప్పుకుంటాడు. ఆ పెద్దమనిషికి ఉన్న భయం అక్కడే రెట్టింపవుతుంది, బేరం పక్క వీధిలోని పాత సౌండ్ సర్వీసుకు పోతుంది.

ప్రోగ్రాములు రాకపోవడానికి తన సెట్టు చిన్నదై ఉండడమే కారణమనుకొని మళ్ళీ అప్పు చేసేవారికి ఒక లెక్క చెప్పాలి. ఆంప్లిఫయరు వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) మాత్రమే, అది చెవికి లీలగా తెలిసీ తెలియనంత తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అందుకు వాట్లు పది రెట్లు కావాలి. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది గనుక, ఒకే మూల గుట్టగా పేర్చిన బాక్సుల వల్ల ముందు వరుసలో ఉన్నవాళ్ళ చెవులు గింగుర్లెత్తుతాయే తప్ప వెనక కుర్చీలలో ఉన్నవారికి పాటలో మాట అర్థం కాదు. ఉన్న బాక్సులనే నాలుగు వైపులా పంచి, టాప్‌లను (పాటా మాటా వినిపించే పై బాక్సులను) మనుషుల తలలకంటె ఎత్తున స్టాండ్ల మీద నిలిపి, ఎక్కడో దింపుకున్న నాసిరకం ఫైళ్ళకు బదులు డబ్బు పెట్టి కొన్న శుభ్రమైన పాటలు వాడితే చిన్న సెట్టే పెద్దదిగా వినిపిస్తుంది. మిగిలే డబ్బుతో మంచి కార్డ్‌లెస్ మైకు ఒకటి కొనడం మేలు. పెళ్ళిలో పెద్దలు డీజేని గుర్తుపెట్టుకునేది దండలు మార్చుకునే వేళ పురోహితుడి మాట, బావామరదళ్ళ పరిహాసం చివరి వరుస దాకా స్పష్టంగా వినిపించినప్పుడే.

శబ్దం విషయంలో చట్టం ఏమంటుందో తెలిసిన డీజే దొరికితే, నేను అతని పేరు ముందుగా చెబుతాను. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట వాడకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు వంటి మూసివున్న చోట్లకు ఈ వేళల నిషేధంలో మినహాయింపు ఉన్నా, ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత ప్రమాణాన్ని 5 డెసిబెల్స్‌కు మించి దాటరాదు. నివాస ప్రాంతానికి ఆ ప్రమాణం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పండుగలకు అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఏడాదికి 15 రోజులకు మించి లేదు, అదీ సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాలకే. ఎవరింట్లో పెళ్ళయితే వారు ఆ సడలింపు తమకూ ఉందనుకోవడానికి వీలు లేదు.

ఈ నియమాలను అడ్డంకిగా చూసేవాడికీ, తన పనిలో భాగంగా చూసేవాడికీ మధ్య తేడా బుకింగ్‌లలో కనిపిస్తుంది. మన తెలుగు పెళ్ళిళ్ళలో ముహూర్తం తరచు నడిరాత్రి దాటాక ఉంటుంది కాబట్టి, ఆట పాట పది లోపల ముగియాలంటే బరాత్ ఆరున్నరకైనా కదలాలి. ఈ మాట పెళ్ళివారికి నెల ముందే చెప్పి, సాయంత్రం కార్యక్రమాన్ని గంటలవారీగా కాగితం మీద వేసి ఇచ్చే డీజేకి ఆ ఇంటి ఆడవాళ్ళు కూడా ఓటు వేస్తారు. ఊరేగింపు వెళ్ళే దారిని ముందురోజు ఒకసారి నడిచి చూసుకొని, ఆసుపత్రి ఎక్కడ వస్తుంది, ఎక్కడ పాట ఆపి నడవాలి, కరెంటు తీగలు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయి అన్నది రాసుకోవడం కూడా ఇందులో భాగమే. బండి మీద బాక్సులు ఆకాశమంత ఎత్తు పేర్చి తీగలకు తగిలించుకోవడం వల్ల ప్రాణాలు పోయిన సంగతులు మనకు తెలియనివి కావు. పైగా రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా బండి రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పదు.

కొత్తవారిలో నాకు మరీ విసుగు పుట్టించేది రేటు దగ్గర ఒకరినొకరు కోసుకోవడం. ఎదుటివాడు చెప్పినదానికంటె తగ్గించి ప్రోగ్రాము పట్టుకొని, డీజిలు ఖర్చూ కుర్రాళ్ళ కూలీ పోను చేతికేమీ మిగలక, పెళ్ళి నడుమ "ఇంకో గంటకు ఇంత ఇస్తేనే" అని గొడవ పెట్టుకుంటారు. ఆ గొడవ విన్న మూడు వందలమంది అతిథులలో ఒక్కరూ అతన్ని మళ్ళీ పిలవరు. ఎన్ని గంటలు, ఎన్ని బాక్సులు, జనరేటరు ఎవరిది, అదనపు గంటకు ఎంత, వాన వస్తే ఏమిటి, అడ్వాన్సు ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారు అన్నవి ఒక్క పేజీలో రాసి ఇద్దరూ సంతకాలు చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఆ పేజీ ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఒడియాలో ఉండాలని నేను చెబుతాను. ఇక్కడ పెళ్ళికొడుకు తరఫువారు ఒడియా, పెళ్ళికూతురు తరఫువారు తెలుగు అయిన సంబంధాలు కొత్తేమీ కాదు.

పాటల ఎంపికలోనూ అదే సూత్రం పనిచేస్తుంది. ఉత్తరాంధ్ర జానపదాలూ, సినిమా పాటలూ మాత్రమే తెలిసినవాడు ఒడియా బంధువుల ముందు సగం మందిని కూర్చోబెట్టేస్తాడు. పశ్చిమ ఒడిశా సంబల్‌పురి పాట నాలుగు నిమిషాలు పడితే ఆ సగమంతా లేచి వస్తారు. కొండవైపు సవర గిరిజనుల గ్రామాలలో పిలుపులు అందుకోవాలనుకునేవారు కనీసం నమస్కారం, స్వాగతం, వధూవరుల పరిచయం సవర భాషలో చెప్పడం నేర్చుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకొని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ తయారుచేశారు. మనవాళ్ళు పట్టుమని పది వాక్యాలు నేర్చుకోలేరా అన్నది నా ప్రశ్న. గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి గనుక, పెళ్ళిళ్ళు తగ్గే డిసెంబరు చివర క్రిస్మస్ కార్యక్రమాలు ఆదుకుంటాయి. అయితే చర్చి ఆవరణలో ఏ పాటలు తగవో ముందుగా పెద్దలను అడిగి తెలుసుకున్నవారినే అక్కడ రెండోసారి పిలుస్తారు.

సరిహద్దులో ఉండడం వల్ల వచ్చే ఇంకొక లాభాన్ని మన డీజేలు చాలామంది వాడుకోవడం లేదు. తెలుగువారు ఆషాఢంలో పెళ్ళిళ్ళు పెట్టుకోరు, శ్రావణం రాగానే మొదలుపెడతారు. ఒడియా కుటుంబాలు సాధారణంగా ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి వరకు ముహూర్తాలు చూడవు. రెండు పంచాంగాలూ గోడకు తగిలించుకొని చూసుకునేవాడికి ఒకరి ఖాళీ నెలలో ఇంకొకరి పని దొరుకుతుంది. పాతపట్నం, టెక్కలి వైపు వెళ్తే పన్ను పడుతుందేమోనని కొందరు జంకుతారు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షల రూపాయలు దాటని సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషను అవసరం లేదు, 2017 అక్టోబరు నుంచి ఈ సడలింపు పక్క రాష్ట్రంలో చేసిన సేవలకూ వర్తిస్తోంది. స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు కూడా అక్కరలేదు. శబ్దానికి అనుమతి మాత్రం కార్యక్రమం ఏ రాష్ట్రంలో జరిగితే ఆ రాష్ట్ర అధికారుల నుంచే తీసుకోవాలి. ఇక్కడి కాగితం అక్కడ చెల్లదు.

హాలు మేనేజర్లు ఈ మధ్య పాటల లైసెన్సు గురించి కూడా అడుగుతున్నారు. 1957 నాటి కాపీరైటు చట్టం 52(1)(జడ్‌ఏ) ప్రకారం పెళ్ళి ఊరేగింపుకూ, పెళ్ళికి సంబంధించిన వేడుకలకూ లైసెన్సు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ప్రకటన కూడా ఇచ్చింది. హోటల్లో టిక్కెట్లు అమ్మి జరిపే నూతన సంవత్సర వేడుకలకు ఆ మినహాయింపు ఉండదు. ఇంత మాత్రం తెలిసి స్పష్టంగా చెప్పగలిగిన కుర్రవాడి మీద మేనేజరుకు నమ్మకం కుదురుతుంది.

పెద్ద పెళ్ళి కోసమే ఎదురుచూసేవారికి ఒక సలహా. రెండు బాక్సులూ ఒక మైకుతో నడిచే చిన్న సెట్టు ఒకటి వేరుగా పెట్టుకొని బారసాలలు, బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు ఒడియావారు చేసే ఏకోయిశాలు, ఓణీల ఫంక్షన్లు, పదవీ విరమణలు, షష్టిపూర్తులు ఒప్పుకోవాలి. ఇలాంటి చోట అతిథులు తక్కువే అయినా అందరూ కుటుంబ పెద్దలు, వచ్చే ఏడాది పిల్లల పెళ్ళి చేయబోయేవారు. వీటిలో మర్యాదగా పనిచేసినవాడి నంబరు అడిగి తీసుకోవడం నేను చాలాసార్లు చూశాను. విగ్రహాల నిమజ్జనాల మీద మాత్రమే ఆధారపడడం నాకు నచ్చదు. కమిటీలవారు నా మీద కోపగించుకున్నా సరే, డబ్బు ఆలస్యంగా ఇచ్చేదీ, పోలీసు కేసు వచ్చినప్పుడు డీజేని ముందుకు నెట్టేదీ అక్కడే.

ప్రచారానికి ఖర్చు పెట్టే ముందు షామియానావారినీ, ఫొటోగ్రాఫర్లనీ, వంటవారినీ, పురోహితులనీ కలవడం మంచిది. మేము కమీషను తీసుకుంటామన్న మాట నిజమే, దానిని దాచను. అయితే నేను పంపిన ఇంట్లోనే నాకు తెలియకుండా కుర్చీల బేరం ఇంకొకరికి మాట్లాడిపెట్టే డీజేని రెండోసారి ఏ షామియానా వ్యాపారీ పంపడు. ఇన్‌స్టాగ్రామ్‌లో పొగలూ లైట్లూ చూపించే రీల్స్ కంటె, పెళ్ళివారి అనుమతితో తీసిన, అమ్మమ్మలు చప్పట్లు కొడుతున్న అరనిమిషం వీడియోకే ఎక్కువమంది ఫోన్లు చేస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో పేరును తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ పెట్టుకోవాలి.

చివరగా అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. లౌడ్‌స్పీకరు అనుమతి దరఖాస్తును తెలుగు, ఒడియా రెండింటిలోనూ ముద్రించి సరిహద్దుకు ఇరువైపులా పోలీసు స్టేషన్లలో ఉంచాలి. ఎంత గడువులో జవాబు ఇస్తారో దాని మీదే రాయాలి. అర్ధరాత్రి దాకా సడలింపు ఉన్న పండుగ రోజుల జాబితా వినాయక చవితికి ముందే ప్రకటిస్తే, దానిని మీరు జిల్లా పేజీలో అచ్చువేయగలరని ఆశిస్తున్నాను. అది చూపించి పెళ్ళివారికీ, కమిటీలకూ, డీజేలకూ నచ్చజెప్పే పని మా షామియానా దుకాణాలు చేస్తాయి.

ఇట్లు,
ఒక షామియానా వ్యాపారి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.